మామిడి అగ్రిమెంట్‌లో ముందు చూడాల్సిన పేజీ

జూన్ వచ్చిందంటే చిత్తూరు కోర్టు దగ్గర నా టేబుల్ ముందుకు తోతాపురి మామిడి రైతులు ఫ్యాక్టరీలతో రాసుకునే అగ్రిమెంట్లు పట్టుకుని వస్తారు. అందరి కళ్లూ రేటు మీదే. నేను మాత్రం డెఫినిషన్స్ పేజీ, అంటే ఏ మాటకు ఏ అర్థమో రాసిన పేజీ తీయమంటాను. ఆ రేటు దేనికిస్తారో తేలేది అక్కడే.

ఉదాహరణకు ఆ పేజీలో ‘కాయ అంటే ఫ్యాక్టరీ గ్రేడింగ్‌లో ఓకే అయిన తోతాపురి కాయ’ అని ఉందనుకోండి. ఐదో క్లాజులో ‘సరఫరా చేసిన కాయకు టన్ను లెక్కన చెల్లిస్తాము’ అని ఉంటుంది. ఐదో క్లాజులో ‘కాయ’ కొట్టేసి, అక్కడ ఆ నిర్వచనం మొత్తం పెట్టి చదవండి. లారీలో వెళ్లిన సరుకంతటికీ కాదు, ఫ్యాక్టరీ వాళ్లు ఓకే చేసిన దానికే డబ్బు. మరి పక్కన పడేసిన కాయ సంగతి? దాన్ని వెనక్కి తెచ్చే బాడుగ ఎవరిది? తరుగు గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. నిర్వచించిన ప్రతి మాటనూ ఇలాగే పెన్సిల్‌తో వెతికి మార్చి చదవాలి. ఇంగ్లీషు కాపీలో అవి పెద్దక్షరంతో మొదలవుతాయి కాబట్టి సులువు. తెలుగు కాపీలో ఆ సౌకర్యం లేదు, మనమే కనిపెట్టుకోవాలి.

‘ఖర్చులు అంటే హమాలీ, కాటా’ అని ఉంటే మీ డబ్బులోంచి పట్టుకునేది ఆ రెండే. ‘ఖర్చుల్లో హమాలీ, కాటా కూడా వస్తాయి’ అని ఉందా, రేపు మూడోది చేర్చడానికి సందు ఉన్నట్టే.

తర్వాత ఇంటర్‌ప్రిటేషన్ క్లాజు, అంటే అగ్రిమెంట్‌ను ఎలా చదవాలో చెప్పే క్లాజు. ఏకవచనంలో బహువచనం కూడా వస్తుందనే లాంటి సంగతులు 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో ఉన్నాయి గానీ, అవి చట్టాలను చదవడానికి పెట్టినవి. అందుకే అగ్రిమెంట్‌లో విడిగా రాసుకుంటారు. వాటిని ఒకసారి చూసి వదిలేయండి. క్లాజుకూ, అగ్రిమెంట్‌కు జతచేసే పట్టిక అయిన షెడ్యూలుకూ తేడా వస్తే ఏది చెల్లుతుందన్న వాక్యం దగ్గర మాత్రం ఆగండి. గ్రేడ్లు, రేట్లు ఉండేది షెడ్యూల్లోనే.

‘పదిహేను రోజుల్లో పేమెంట్’ అంటే కాటా చీటీ తేదీ నుంచా, బిల్లు తేదీ నుంచా? ఉత్త ‘మార్కెట్ రేటు’ అని ఉంటే ఒప్పుకోవద్దు. 1872 కాంట్రాక్టు చట్టం 29వ సెక్షన్ ప్రకారం అర్థం తేలని ఒప్పందం చెల్లదు. ‘వంద టన్నుల నూనె’ అమ్ముతానని రాసి, ఏ నూనో తెలిసే దారి లేకపోతే అది చెల్లదని ఆ సెక్షన్ కిందే ఉదాహరణ ఉంది. అమ్మేవాడు కొబ్బరి నూనె ఒక్కటే అమ్మే వ్యాపారి అయితే మాత్రం చెల్లుతుంది. కోర్టులో అలాంటి దారులు వెతుక్కునే బదులు ‘సరుకు కాటా వేసిన రోజు బంగారుపాళ్యం యార్డు రేటు’ అని ఇప్పుడే రాయించండి. దిద్దిన ప్రతిచోటా ఇద్దరి సంతకాలూ పడాలి.