పల్లెలో పొలం కొనడం – 3వ పాఠం: ఎఫ్‌ఎంబీ పట్టుకుని గట్టు నడక

పోయిన వారం 1-బి (భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రికార్డు), అడంగల్ (సాగు ఎవరిదో చెప్పే రికార్డు) పక్కపక్కన పెట్టి చదివాం. ఈసారి విశాఖ కాంప్లెక్సులో చోడవరం బస్సెక్కి పొలంలోకే దిగుదాం. 2022 ఏప్రిల్ నుంచి ఆ ఊళ్లన్నీ అనకాపల్లి జిల్లా. చెరకు, వరి, జీడితోటలు, మాడుగుల హల్వా వరకు బాగానే ఉంటుంది. అక్కణ్ణించి పాడేరు ఘాట్ ఎక్కి "ఎకరం ఎంత చవకో!" అనకండి. ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతంలో, 1/70 చట్టం ఉంది, అక్కడి భూమి గిరిజనేతరులు కొనకూడదు. గిరిజనేతరుడి దగ్గర కొన్నా చెల్లదు. మొదటి పాఠంలోనే చెప్పాను గానీ అడిగేవాళ్లు ఇంకా అడుగుతూనే ఉన్నారు.

ఇక అసలు పని. ప్రభుత్వ భూమి రికార్డుల వెబ్‌సైటు మీభూమిలో ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ, అంటే పొలం కొలతల నక్షా, తీసి ప్రింటు వేయించుకోండి. రీసర్వే అయిన ఊళ్లలో సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు ఉంటుంది. పాత ఎఫ్‌ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. 100 లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. 1,000 చదరపు లింకులు ఒక సెంటు. ఈ రెండు లెక్కలూ నోటికి వస్తే సగం సర్వేయరు అయిపోయినట్టే.

బయల్దేరే ముందు ఇంటి ముందు రోడ్డు మీద టేపుతో 66 అడుగులు కొలిచి, మీకు ఎన్ని అంగలు పడతాయో చూసుకోండి. నాకు 26.

చోడవరం అవతల నేను చూసిన ఒక పొలం లెక్క చెప్తాను. అమ్మేవాళ్లు ఎకరా 20 సెంట్లన్నారు. నాలుగు మూలల పొలం. నక్షాలో మూల నుంచి మూలకి గీసిన జీ-లైను 600 లింకులు. దాని మీది నుంచి కొండవైపు మూలకి 200, గెడ్డ (వాగు) వైపు మూలకి 160. రెండు త్రిభుజాలన్నమాట. 600ని 200తో గుణించి సగం చేస్తే 60,000. 600ని 160తో గుణించి సగం చేస్తే 48,000. కలిపితే 1,08,000 చదరపు లింకులు, అంటే ఎకరా 8 సెంట్లు. మరి 12 సెంట్లు ఏవి?

జీ-లైను మీద నుంచి గెడ్డవైపు 42 అంగలు వేసి ఆగాను. అక్కడ తుప్పల్లో సర్వే రాయి సగం కూరుకుపోయి ఉంది. నువ్వుల చేను మాత్రం ఆగలేదు, ఇంకో పది అంగలు దాకా పోయింది. మేకలు కాస్తున్న పెద్దమ్మని పలకరిస్తే, "గెడ్డొచ్చిందంటే ఇదంతా ములిగిపోద్ది బాబూ" అంది. ఆ పది అంగలూ గెడ్డ పోరంబోకు. ఏళ్ల తరబడి దున్నుకుంటున్నారు కాబట్టి వాళ్ల లెక్కలో అది సొంతమే. మోసమని నేననను. కానీ ఆ 12 సెంట్లు 580 గజాలు. ప్రభుత్వ భూమికి మనం డబ్బు కట్టలేం కదా. బేరం ఎకరా 8 మీదే మొదలెట్టాను, కుదరలేదు, వచ్చేశాను.

రాయి కనబడకపోతే బేరం ఆపి, అమ్మేవాళ్ల చేతే సర్వేకి దరఖాస్తు పెట్టించండి. పక్క పొలాల వాళ్లు లేకుండా సర్వే చేయిస్తే తర్వాత గొడవే.

దారి కూడా చూడాలి. నక్షాలో డొంక పొలం దాకా వచ్చిందా? పక్క రైతు గట్టు మీదుగా పోనిస్తున్నాడంటే అది ఈయనతో ఉన్న స్నేహం, రేపు మనకి ట్రాక్టరు పోదు. కౌలుకి ఎవరు చేస్తున్నారో అక్కడే కనుక్కోండి.

ఒక్కసారి చూసి అడ్వాన్సు ఇవ్వొద్దు. మే నెలలో వెళ్తే చుట్టుపక్కల బావుల్లో నీళ్లెంతో తెలుస్తుంది. అక్టోబరు వానల తర్వాత వెళ్తే నీళ్లు ఎక్కడ నిలుస్తాయో తెలుస్తుంది. పెద్దవాళ్లని "హుద్‌హుద్‌కి నీళ్లు ఎందాకా వచ్చాయి?" అనడగండి. 2014 తుపాను ఎవరూ మర్చిపోలేదు, చేత్తో చూపించి మరీ చెప్తారు.

ఇంటి పని: జీ-లైను 500 లింకులు, ఇరుపక్కలా 180, 140. 1-బిలో 80 సెంట్లు. నా అంగలతో జీ-లైను మీద 130 పడాలి, 143 పడ్డాయి. కాగితం లెక్క సరిపోయిందా? ఎక్కువొచ్చింది ఎన్ని అడుగులు? అది ఎవరిదో ముందు ఎవరిని అడుగుతారు? జవాబులు వచ్చే వారం, ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) పాఠంతో పాటు.