సైనింగ్ దగ్గర ఆగిన బిల్డ్, కారణం తనే చెప్పేలా చేయడం

బిల్డ్ (కోడ్ నుంచి ప్యాకేజీ తయారుచేసే పని) చివర్లో సైనింగ్ (ఇది మన సాఫ్ట్‌వేరేనని డిజిటల్ సంతకం వేయడం) దగ్గర ఆగిపోతే చాలా టూల్స్ "సైనింగ్ ఫెయిల్డ్, ఎగ్జిట్ కోడ్ 1" అని చేతులు దులుపుకుంటాయి. మిర్చి సీజన్ నడుమ యార్డులోని కమీషన్ షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పంపాల్సిన గుంటూరు టీమ్‌కు ఆ లైను వల్ల ఒరిగేదేమీ లేదు. సైనింగ్ తప్పులు సోర్సు కోడ్‌లో ఉండేది తక్కువ. గడువు తీరిన సర్టిఫికెట్, లాక్ అయిన కీచైన్ (మ్యాక్‌లో కీలు, పాస్‌వర్డ్‌లు దాచే చోటు), ఖాళీగా వచ్చిన పాస్‌వర్డ్, కనపడని టోకెన్ (సైనింగ్ కీ దాచిన యూఎస్‌బీ పరికరం)... ఇవన్నీ ఆ మెషీన్ సంగతులు. డీబగ్గర్‌లో దొరకవు, మెసేజ్ చెబితేనే తెలుస్తాయి.

ముందు సైనింగ్ టూల్‌ను నడిపే మీ ర్యాపర్ స్క్రిప్టు చూసుకోండి. కోడ్‌సైన్ (మ్యాక్), సైన్‌టూల్ (విండోస్), ఏపీకేసైనర్ (ఆండ్రాయిడ్) ఇచ్చే అసలు ఎర్రర్ సాధారణంగా స్టాండర్డ్ ఎర్రర్‌లోకి వస్తుంది. స్క్రిప్టు స్టాండర్డ్ అవుట్‌పుట్ ఒక్కటే పట్టుకుంటే ఉన్న కాస్త సమాచారమూ అక్కడే పోతుంది. రెండూ పట్టుకోండి. ఏ ఫైలుకు సైన్ చేస్తుండగా ఆగిందో, ఏ కమాండ్ నడిచిందో (పాస్‌వర్డ్, పిన్ చుక్కలుగా మార్చి) కలిపి చూపించండి. వివరణ తెలుగులో రాసుకున్నా ఇబ్బంది లేదు గానీ, టూల్ ఇచ్చిన అసలు లైను అక్షరం మార్చకుండా కింద ఉంచాలి. నెట్‌లో వెతికేది దాన్నే.

తర్వాత మెసేజ్‌లో నాలుగు సంగతులు ఉండాలి: ఏం వెతికాం, ఎక్కడ వెతికాం, ఏం దొరికింది, దొరికినదాన్ని ఎందుకు పక్కన పెట్టాం. నాలుగోదే ఎక్కువమంది వదిలేస్తారు, సగం చిక్కు విడిపోయేది దానితోనే.

విండోస్ టోకెన్ సంగతి తీసుకోండి. పబ్లిక్ సర్టిఫికెట్ సంస్థలు ఇచ్చే కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ల ప్రైవేట్ కీలు 2023 జూన్ 1 నుంచి హార్డ్‌వేర్‌లోనే ఉండాలి. చిన్న టీమ్‌లో ఉండేది ఒకే యూఎస్‌బీ టోకెన్, అది విజయవాడ ఆఫీసు కంప్యూటర్‌కు పెట్టి ఉంటుంది. గుంటూరులో ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో లాగిన్ అయి బిల్డ్ నడిపితే "నో సర్టిఫికెట్స్ వర్ ఫౌండ్ దట్ మెట్ ఆల్ ద గివెన్ క్రైటీరియా" అని వస్తుంది. రిమోట్ సెషన్‌లో విండోస్ స్మార్ట్‌కార్డు (ఈ టోకెన్‌నూ అలాగే చూస్తుంది) కోసం చూసేది మీ ముందున్న ల్యాప్‌టాప్ వైపు. ఆఫీసు మెషీన్‌కు ఉన్న టోకెన్ ఆ సెషన్‌కు కనపడదు. సైన్‌టూల్‌ను డీబగ్ ఆప్షన్‌తో నడిపితే ఒక్కో ఫిల్టర్ తర్వాత ఎన్ని సర్టిఫికెట్లు మిగిలాయో చెబుతుంది. మొదటిసారి ఫెయిలవగానే మీ టూల్ తనే ఆ ఆప్షన్‌తో మళ్లీ నడిపి, ఏ ఫిల్టర్ దగ్గర లెక్క సున్నా అయిందో చదవాలి. రిమోట్ సెషనా కాదా అన్నది గెట్‌సిస్టమ్‌మెట్రిక్స్‌ను ఎస్ఎం_రిమోట్‌సెషన్‌తో పిలిస్తే తెలుస్తుంది. అప్పుడు మెసేజ్ ఇలా రావచ్చు:

"సెటప్ ఫైలుకు సైన్ చేయలేకపోయాం.
వెతికింది: ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఇచ్చిన షా-1 ఫింగర్‌ప్రింట్ ఉన్న సర్టిఫికెట్.
వెతికిన చోటు: ప్రస్తుత యూజర్ సర్టిఫికెట్ స్టోర్.
దొరికింది: 1. ప్రైవేట్ కీ అందలేదు కాబట్టి వాడలేదు.
గమనిక: ఇది రిమోట్ డెస్క్‌టాప్ సెషన్. టోకెన్ ఈ మెషీన్‌కే పెట్టి ఉన్నా ఇక్కడ కనపడదు. మెషీన్ ముందు కూర్చుని లాగిన్ అయి, లేదా అక్కడే నడిచే బిల్డ్ ఏజెంట్‌తో ప్రయత్నించండి."

కొన్ని మెసేజ్‌లు ఏమీ చెప్పకపోవడం కాదు, పక్కదారి పట్టిస్తాయి. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3 అనే టూల్‌తో తయారైన పీ12 ఫైలును (సర్టిఫికెట్, ప్రైవేట్ కీ కలిపి ఉంచేది) మ్యాక్ కీచైన్‌లోకి ఇంపోర్ట్ చేస్తే "మ్యాక్ వెరిఫికేషన్ ఫెయిల్డ్, రాంగ్ పాస్‌వర్డ్?" అని అడగవచ్చు (ఈ మెసేజ్‌లోని మ్యాక్ అంటే కంప్యూటర్ కాదు, ఫైలు మారలేదని సరిచూసే కోడ్). పాస్‌వర్డ్ సరైనదే, కొత్త ఎన్‌క్రిప్షన్ పద్ధతిని అవతలివైపు చదవలేకపోతోంది. లెగసీ ఆప్షన్‌తో ఫైలు మళ్లీ తయారుచేస్తే సరి. ఈ రెంటికీ తేడా మీ టూలే తేల్చగలదు: అదే పాస్‌వర్డ్‌తో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఆ ఫైలును తెరిస్తే తప్పు ఫార్మాట్‌ది, తెరవకపోతే పాస్‌వర్డ్‌ది. విండోస్ యాప్‌ల ఎంఎస్ఐఎక్స్ ప్యాకేజీకి 8007000బి కోడ్ వస్తే మ్యానిఫెస్ట్‌లోని పబ్లిషర్‌నూ సర్టిఫికెట్‌లోని సబ్జెక్ట్‌నూ పక్కపక్కన ముద్రించండి. చాలాసార్లు ఒక కామా తేడా అక్కడ కంటికి కనపడుతుంది. మ్యాక్‌లో ఎస్ఎస్‌హెచ్ ద్వారా నడిపినప్పుడు వచ్చే "ఎర్ర్‌సెక్‌ఇంటర్నల్‌కాంపోనెంట్" పేరు చూసి భయపడనక్కర్లేదు. ఎక్కువగా కీచైన్ లాక్ అయి ఉంటుంది, లేదా కీ వాడేందుకు కోడ్‌సైన్‌కు అనుమతి ఉండదు. మొదటిదానికి మ్యాక్ సెక్యూరిటీ టూల్‌లోని అన్‌లాక్-కీచైన్ కమాండ్, రెండోదానికి సెట్-కీ-పార్టిషన్-లిస్ట్. కారణం ఖాయంగా తేలనప్పుడు ఒకదాన్నే నిజమన్నట్టు రాయకండి. రెండూ చెప్పి, తేడా తేల్చే కమాండ్ ఇవ్వండి.

ఆండ్రాయిడ్‌లో సగం తలనొప్పి బిల్డ్ మొదలవకముందే పట్టుకోవచ్చు. యాప్ మాడ్యూల్ గ్రేడిల్ (ఆండ్రాయిడ్ బిల్డ్ టూల్) ఫైలులో రాసిన కీస్టోర్ (సైనింగ్ కీలు దాచే ఫైలు) దారిని ప్రాజెక్ట్ రూట్ నుంచి కాక ఆ మాడ్యూల్ ఫోల్డర్ నుంచి లెక్కిస్తారు. "కీస్టోర్ దొరకలేదు" అన్నప్పుడు వెతికిన పూర్తి దారి చూపితే చాలు, ఎవరైనా చూసిన వెంటనే సరిచేస్తారు. ఏలియాస్ (కీస్టోర్‌లో కీకి పెట్టిన పేరు) దొరకకపోతే కీస్టోర్‌లో ఉన్న ఏలియాస్‌లన్నీ ముద్రించండి. పాస్‌వర్డ్ ఖాళీగా వచ్చినప్పుడు "తప్పు పాస్‌వర్డ్" అనకూడదు. ఏ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఖాళీగా ఉందో పేరు చెప్పాలి. ఎకో కమాండ్‌తో సీక్రెట్ దాచినవాళ్లకు చివర ఒక కొత్త లైను అక్షరం అతుక్కుని వస్తుంది, దాన్నీ పసిగట్టండి. అప్‌లోడ్ కీ (ప్లే స్టోర్‌కు పంపే ఫైలుకు సైన్ చేసే కీ) విషయంలో ప్లే కన్సోల్ పద్ధతి బాగుంటుంది: రావాల్సిన ఫింగర్‌ప్రింట్ ఇది, వచ్చింది ఇది అని రెండూ చూపిస్తుంది. ఆ ఫింగర్‌ప్రింట్‌ను ప్రాజెక్ట్‌లో రాసి పెట్టుకుని, జావాతో వచ్చే కీటూల్‌తో పోల్చి చూసే పని అప్‌లోడ్‌కు ముందే మీరూ చేయవచ్చు.

మళ్లీ ప్రయత్నించే లాజిక్ పెడితే టైమ్‌స్టాంప్ సర్వర్‌కు (ఎప్పుడు సైన్ చేశామో ముద్ర వేసేది) మాత్రమే పెట్టండి. అది నెట్‌వర్క్ సమస్య, కాసేపు ఆగి రెండు మూడుసార్లు అడిగితే నష్టం లేదు. సైనింగ్ మొత్తానికి గుడ్డిగా పెడితే తప్పు పిన్ వరుసగా వెళ్లి టోకెన్ లాక్ అవుతుంది. "పిన్ తప్పు" అన్న మెసేజ్‌తో పాటు "మళ్లీ ప్రయత్నించలేదు" అని కూడా రాయండి.

మెసేజ్‌లకూ టెస్టులు రాయాలి. కీటూల్‌లో స్టార్ట్‌డేట్‌ను రెండేళ్లు వెనక్కి, గడువును 365 రోజులకు పెడితే గడువు తీరిన సర్టిఫికెట్ సిద్ధం. తప్పు ఏలియాస్, ఖాళీ పాస్‌వర్డ్, లేని ఫైలు, వేరే కీ... ఒక్కోదానికి ఒక్కో టెస్టు రాసి, సరైన కారణం వచ్చిందో లేదో చూడండి. అదే టెస్టులో, లాగ్ మొత్తం మీద పాస్‌వర్డ్ ఎక్కడా బయటపడలేదని కూడా సరిచూడాలి.