కార్యకారణ వ్యాసం నేర్చుకుందాం, మూడో పాఠం: ‘దీంతో’ను పక్కన పెట్టండి

కిందటి పాఠంలో ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ రాసిన ‘ఆంటిగొని’ నాటకంలోని సంఘటనలను వరసగా, ఒక్కొక్కటి ఒక్కో వాక్యంలో రాసుకోమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. రాయనివాళ్ల కోసం కథ ఇంకోసారి, గబగబా చెబుతాను.

గ్రీకు నగరం థీబ్స్. అక్కడి పాత రాజు ఈడిపస్ కొడుకులిద్దరూ సింహాసనం కోసం తలపడి ఒకరి చేతిలో ఒకరు చనిపోయారు. కొత్తగా రాజైన మేనమామ క్రియోన్, నగరాన్ని కాపాడిన ఎటియొక్లిస్‌కు సకల మర్యాదలతో అంత్యక్రియలు జరిపించాడు. పరాయి సైన్యాన్ని వెంటబెట్టుకుని వచ్చిన పాలినైసిస్ శవాన్ని మాత్రం ఎవరూ పూడ్చకూడదని చాటించాడు. సోదరి ఆంటిగొని శవం మీద మట్టి చల్లి పట్టుబడింది. ఆమెను గుహలో పెట్టి మూసేశారు. ఆమెకు కాబోయే భర్త క్రియోన్ కొడుకు హైమనే (మన లెక్కలో ఇది మేనరికం). అతడు తండ్రితో వాదించి విసురుగా వెళ్లిపోయాడు. అంధుడైన జోస్యుడు టైరీసియస్ హెచ్చరించాక క్రియోన్ దిగివచ్చాడు గాని, అప్పటికి ఆంటిగొని ఉరి వేసుకుంది. హైమన్ కత్తితో పొడుచుకున్నాడు. అది విని అతని తల్లి యూరిడిసి కూడా ప్రాణం తీసుకుంది.

ఈ కథ మీద వ్యాసం రాయమంటే మొదటి ప్రయత్నంలో చాలామంది రాసేది దాదాపు ఇలా ఉంటుంది:

“క్రియోన్ ఆజ్ఞ జారీ చేశాడు. దీంతో ఆంటిగొని ఎదురుతిరిగింది. దీంతో ఆమెకు శిక్ష పడింది. దీంతో హైమన్ ఆత్మహత్య చేసుకున్నాడు. దీంతో యూరిడిసి కూడా మరణించింది.”

‘దీంతో’ మహా జిత్తులమారి మాట. “వాన పడింది. దీంతో ఆట ఆగిపోయింది” అన్నప్పుడు అది కారణం చెబుతోంది. “ముఖ్య అతిథి వచ్చారు. దీంతో సభ మొదలైంది” అన్నప్పుడు? ఆయన రావడం వల్ల మొదలైందా, వచ్చాక మొదలైందా? రెంటినీ ఒకే సంచీలో వేసుకుని తిరుగుతుందది. వార్తలు రాసేవాళ్లకు ఆ వెసులుబాటు కావాలి. మనకు వద్దు. ‘రావడంతో’, ‘చేయడంతో’ లాంటివీ దాని తోబుట్టువులే. ఒక దాని తర్వాత ఇంకొకటి జరగడానికీ, ఒక దాని వల్ల ఇంకొకటి జరగడానికీ చాలా తేడా ఉందని అరిస్టాటిల్ విషాద నాటకాల గురించి రాస్తూనే చెప్పాడు. తెలుగులో ఆ తేడా చూపించడానికి ‘తర్వాత’, ‘వల్ల’ అని రెండు మాటలు సిద్ధంగా ఉన్నాయి. కాబట్టి ఈ పాఠానికి ఒకే నియమం: చిత్తుప్రతిలో ‘దీంతో’ కనబడిన ప్రతిచోటా కొట్టేసి, ‘తర్వాత’ రాయాలో ‘వల్ల’ రాయాలో తేల్చుకోండి. తేలకపోతే నాటకంలోని ఆ ఘట్టం మళ్లీ చదవండి.

మొదటి ‘దీంతో’ చూద్దాం. ఆజ్ఞ వల్ల ఆంటిగొని ఎదురుతిరిగిందా? ఆమె చెల్లెలు ఇస్మీన్ ఉంది కదా. అదే ఆజ్ఞను ఆమె కూడా విన్నది. పడి ఉన్న శవం ఆమె సోదరుడిదే. అయినా ఆమె కదల్లేదు. మనం ఆడవాళ్లం, పాలకులతో తలపడలేం అంది. అంటే ఆజ్ఞ ఒక్కటే చాలదు. పాలు తోడుకోవాలంటే మజ్జిగ చుక్క ఉండాలి, నిజమే. పాలు మరీ చల్లగా ఉంటే ఎన్ని చుక్కలు వేసినా సరిగా తోడుకోవు. ఆజ్ఞ మజ్జిగ చుక్క. రాజు చాటింపు కంటే దేవతల అలిఖిత ధర్మాలు పెద్దవన్న ఆంటిగొని నమ్మకం ఆ గోరువెచ్చదనం. వ్యాసంలో రెండూ చెప్పాలి. ఇస్మీన్‌ను చాలామంది వదిలేస్తారు గాని, నా దృష్టిలో కార్యకారణ వ్యాసానికి ఆమెకంటే పనికొచ్చే పాత్ర ఈ నాటకంలో లేదు. ఒకే కారణం ఇద్దరి మీద పడి రెండు ఫలితాలనిచ్చింది మరి.

రెండో ‘దీంతో’లో ఒక మలుపు దాగి ఉంది. మొదట చాటించిన శిక్ష జనం ముందు రాళ్లతో కొట్టి చంపడం. హైమన్‌తో వాగ్వాదం ముగిశాక అది మారింది: నగరానికి పాపం అంటకుండా కొద్దిపాటి తిండి ఇచ్చి గుహలో మూసేయమన్నాడు క్రియోన్. రాళ్ల శిక్షే అమలై ఉంటే జోస్యుడు వచ్చేసరికి కాపాడటానికి ఎవరూ మిగిలి ఉండేవారు కాదు. గుహ శిక్ష వల్ల కొంత వ్యవధి దొరికింది. ఆ వ్యవధిలోనే క్రియోన్ మనసు మారింది, ఆ వ్యవధిలోనే ఆమె ఉరి వేసుకుంది. ఒకే కారణం ఆశకూ, చావుకూ రెంటికీ తలుపు తీసింది.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. టైరీసియస్ వెళ్లిపోయాక క్రియోన్ ఏం చేయమంటారని బృందంలోని నగర వృద్ధులను అడుగుతాడు. వాళ్లు చెప్పిన వరస ఇది: వెళ్లి ముందు అమ్మాయిని విడిపించు, తర్వాత శవానికి సమాధి కట్టించు. క్రియోన్ సరేనని పరుగున బయలుదేరతాడు. తర్వాత వార్తాహరుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. ముందు క్రియోన్, అతని సేవకులు వెళ్లింది కుక్కలు పీక్కుతిన్న శవం దగ్గరికి. దేవతలను వేడుకున్నారు, శవాన్ని కడిగారు, అప్పుడే విరిచిన కొమ్మలతో దహనం చేశారు, మట్టి పోసి ఎత్తుగా దిబ్బ కట్టారు. ఆ తర్వాతే గుహ వైపు నడిచారు. దూరం నుంచే ఏడుపు వినిపించింది.

వరస తారుమారైంది. ఎందుకు అన్నది నాటకం చెప్పదు, క్రియోన్ కూడా చెప్పడు. ఇక్కడే మీ కలం జారే ప్రమాదం ఉంది. “క్రియోన్ ముందు గుహకు వెళ్లి ఉంటే ఆంటిగొని బతికేది” అని రాసేస్తారు. ఆమె ఎప్పుడు ఉరి వేసుకుందో నాటకంలో లేదు. గుహలో వేసిన కాసేపటికే అయి ఉండొచ్చు. అందుకని “బతికే అవకాశం ఉండేది” అనండి. ‘బతికేది’కీ ‘అవకాశం ఉండేది’కీ మధ్య ఉన్న దూరమే వ్యాసకర్త నిజాయితీ. హైమన్ విషయంలో ఇంకొంచెం ధైర్యంగా రాయవచ్చు. తండ్రిని చూడగానే అతడు ముఖాన ఉమ్మి కత్తి దూశాడు, వేటు తప్పింది, తన మీద తనకే కోపం వచ్చి అదే కత్తిని తన పక్కలో దించుకున్నాడు. కనుక “ఆంటిగొని మరణం వల్ల” అని ఆగిపోతే సగమే చెప్పినట్టు. తప్పిపోయిన ఆ వేటునూ లెక్కలో వేయాలి.

ఇన్ని దారాలు విప్పడం ఎందుకు, “క్రియోన్ అహంకారమే సర్వనాశనానికి కారణం” అంటే పోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. ఆ వాక్యం తప్పు కాదు గాని ఏ విషాద నాటకానికైనా అతుకుతుంది, అందుకే నాకు నచ్చదు. అహంకారం అని రాసిన మరుక్షణం, అది ఏ మాటలో, ఏ పనిలో బయటపడిందో చూపించండి. ఈడిపస్ వంశ శాపం కూడా అంతే. ఆ వృద్ధులు పాడే బృందగానంలో దాని ప్రస్తావన ఉంది, వాడుకోవచ్చు. అయితే శాపాన్ని, మనుషుల నిర్ణయాన్ని ఒకే వాక్యంలో కలిపేయకండి.

మొదటి ‘దీంతో’ను తీసేశాక పేరా ఇలా రావచ్చు:

“శవాన్ని పూడ్చకూడదన్న ఆజ్ఞను అక్కచెల్లెళ్లిద్దరూ విన్నారు. ఇస్మీన్ భయపడి వెనక్కి తగ్గింది. దైవధర్మం రాజాజ్ఞ కంటే గొప్పదని నమ్మినందువల్ల ఆంటిగొని ముందుకు వెళ్లింది. ఆజ్ఞ ఆమెను ధిక్కారానికి పురికొల్పలేదు; ఆమెలో ముందే ఉన్న నమ్మకానికి పరీక్ష పెట్టింది.”

చివరి వాక్యం మీకు నచ్చకపోతే వాదించండి, నాకు అభ్యంతరం లేదు.

వచ్చే పాఠం నాటికి చివరి ‘దీంతో’ను మీరే విప్పి, పది వాక్యాలకు మించకుండా ఒక పేరా రాయండి. యూరిడిసి వార్త మొత్తం విని ఒక్క మాటా మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోతుంది. ఆ మౌనాన్ని వదలకండి. చనిపోతూ ఆమె హైమన్‌ను ఒక్కడినే తలచుకోలేదు, అంతకుముందే పోయిన ఇంకో కొడుకు మెగారియస్ కోసం కూడా ఏడ్చింది, క్రియోన్‌ను పుత్రహంతకుడని శపించింది. మెగారియస్ మరణాన్ని కారణాల్లో చేర్చాలా, అక్కర్లేదా అన్నది ముందు తేల్చుకుని, ఆ తర్వాతే కలం పట్టండి.