రాత్రి నిద్ర రికార్డును చేత్తో స్కోర్ చేయడం ఎలా?

నిద్ర మీద పరిశోధన చేస్తామని వచ్చేవాళ్ళలో చాలామంది నేరుగా గ్రాఫుల మీద పడతారు. ఒక్క రాత్రి రికార్డునైనా మొదటి నుంచి చివరిదాకా కళ్ళతో చూసి ఉండరు. ఈ పనిలో నిలబడాలంటే ముందు స్కోరింగ్, అంటే రికార్డులో ప్రతి ముక్కా మెలకువో, ఏ నిద్ర దశో గుర్తుపెట్టడం, రావాలి. కొత్తవాళ్ళకు నేర్పుతూనే ఉన్నాను, దాదాపు అందరూ ఒకే చోట తప్పుతున్నారు.

సామాను సంగతి త్వరగా చెప్పేస్తాను. తల మీద ముందు, మధ్య, వెనక ఈఈజీ (మెదడు విద్యుత్ అలల రికార్డు) కోసం, ఇంకా రెండు కళ్ళ పక్కన, గడ్డం దగ్గర ఎలక్ట్రోడ్లు పెట్టాలి. ఇంపీడెన్స్ (చర్మానికీ ఎలక్ట్రోడ్‌కూ మధ్య విద్యుత్తుకు ఉండే అడ్డంకి) 5 కిలో ఓమ్‌లు దాటితే చర్మం శుభ్రం చేసి మళ్ళీ అంటించండి. స్క్రీన్ మీద 30 సెకన్లకు ఒక పేజీ, దాన్నే ఎపాక్ అంటాం. 8 గంటల రికార్డంటే 960 ఎపాక్‌లు. వరసగా చూడండి, మధ్యలో దూకొద్దు.

గుర్తించడం తేలికైన దశలు ఇవి (ఎన్1 నుంచి ఎన్3 దాకా నిద్ర క్రమంగా లోతవుతుంది). స్పిండిల్ (వేగమైన అలల చిన్న గుత్తి) గానీ కే-కాంప్లెక్స్ (ఒక్కసారిగా లేచి పడే పెద్ద అల) గానీ కనిపిస్తే ఎన్2. పెద్ద నెమ్మది అలలు ఎపాక్‌లో కనీసం 20 శాతం, అంటే 6 సెకన్లు ఉంటే ఎన్3. గడ్డం కండరాల లైన్ సన్నబడి, ఈఈజీ చిన్న అలలతో నడుస్తూ, కళ్ళు చురుగ్గా కదిలితే రెమ్, అంటే కలలు ఎక్కువగా వచ్చే దశ. 1953లో శాస్త్రవేత్తలు అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ ప్రకటించింది ఈ కళ్ళ కదలికల గురించే.

అసలు చిక్కు మెలకువ నుంచి ఎన్1కి జారే చోట ఉంది. కళ్ళు మూసుకుని మెలకువగా ఉన్నప్పుడు తల వెనక ఆల్ఫా అలలు వస్తాయి, సెకనుకు 8 నుంచి 13. ఎపాక్‌లో సగానికి పైగా అవి ఉంటే మెలకువ. అవి పోయి, వాటి స్థానంలో చిన్న, నెమ్మది అలలు సగానికి పైగా నిండితే ఎన్1. "సుమారు సగం" అని కంటితో అంచనా కట్టొద్దు, సెకన్లు లెక్కపెట్టండి. మొన్న ఒక ఎపాక్‌లో ఆల్ఫా మూడు ముక్కలుగా ఉంది: 7, 5, 4 సెకన్లు. మొత్తం 16, కాబట్టి అది మెలకువే. నేర్చుకుంటున్న అమ్మాయి దాన్ని నిద్ర అని రాసేసింది, ఎందుకంటే చివరి 10 సెకన్లే ఆమె కంట్లో పడ్డాయి.

కొందరికి ఆల్ఫా అసలు రాదు, అక్కడే అందరికీ టెన్షన్. అందుకే రాత్రి మొదలుపెట్టేముందు కళ్ళు మూయించి, తెరిపించి తీసిన రికార్డును ముందు చూడాలి. ఆల్ఫా లేనివాళ్ళలో కళ్ళు బంతి దొర్లినట్టు మెల్లగా అటూ ఇటూ జరగడం మొదలైతే, లేదా మెలకువలో ఉన్న వేగం కన్నా ఈఈజీ కనీసం 1 హెర్ట్జ్ (సెకనుకు ఒక అల) తగ్గి 4–7 మధ్యకు వస్తే ఎన్1 అనుకోండి. రెప్పలు కొడుతుంటే మెలకువే.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఎన్1 అని రాసిన మొదటి ఎపాక్‌తోనే నిద్ర మొదలైనట్టు లెక్క. పగటి కునుకుల పరీక్షలో నిద్ర పట్టే సగటు సమయం 8 నిమిషాలు గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే నార్కోలెప్సీ (పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బు) అనుమానానికి బలం. అక్కడ తొందరపడి గుర్తు పెడితే లేని జబ్బు మీద పడుతుంది.

ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్ ఉందిగా అంటారు. ఉంది, కానీ మొదటి 20 రాత్రులు చేత్తోనే చేయాలి. లేకపోతే అది ఎక్కడ పొరపాటు పడిందో మీకు తెలియదు. పూర్తయ్యాక వారం ఆగి, పాత గుర్తులు దాచి, అదే రాత్రిని మళ్ళీ స్కోర్ చేయండి. తేడా వచ్చిన ఎపాక్‌లను విడిగా రాసుకుని, అనుభవం ఉన్నవాళ్ళ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చూడండి.