మురుగు మడ్డి పోసిన చేనులో ఏం పండించాలి?

మట్టి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. అయినా బీబీనగర్, వలిగొండ వైపు రైతులు ఇప్పటికీ ఫోన్ చేస్తారు. ఎక్కువమంది అడిగేది ఒకటే. "సారూ, సిటీ మురుగు ప్లాంటు నుంచి నల్లటి ఎరువు వస్తదట, ట్రాక్టర్ కిరాయి ఇస్తే చాలట. పోయించుకోవాల్నా?"

ఎరువుగా అది మంచిదే. నత్రజని, భాస్వరం ఉంటాయి, చెల్కకు జీవం వస్తుంది. చిక్కంతా దాంతోపాటు వచ్చే కాడ్మియం, సీసం, నికెల్, క్రోమియంతోనే. నగరం మురుగులో ఇళ్ల నీళ్లతోపాటు ప్లేటింగ్ షాపులు, బ్యాటరీ పనులు చేసే చోట్ల నీళ్లూ కలుస్తాయి. ప్లాంటులో నీళ్లు తేటపడేటప్పుడు లోహాల్లో చాలా భాగం కింది మడ్డిలోకి దిగుతుంది. పెంట మురిగి మట్టిలో కలిసిపోతుంది, లోహం అట్లా కాదు. ఒకసారి చేనులో పడితే మీ మనవడి కాలానికీ అక్కడే ఉంటుంది.

అందుకే ట్రాక్టర్ గెట్టు దాటకముందే ల్యాబ్ రిపోర్టు అడగండి. 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు సిటీ కంపోస్టుకు పరిమితులు పెట్టింది. కిలోకు మిల్లీగ్రాముల్లో కాడ్మియం 5, సీసం 100, నికెల్ 50, క్రోమియం 50 దాటకూడదు. రిపోర్టులోని అంకెలను వీటితో పోల్చండి. రిపోర్టు లేదంటే బండిని వాపస్ పంపండి, మొహమాటం వద్దు.

పరిమితిలో ఉన్నా లెక్క వేసుకోవాలి. కాడ్మియం సరిగ్గా 5 ఉన్న మడ్డి ఎకరానికి పది టన్నులు పోస్తే 50 గ్రాముల కాడ్మియం చేనులో పడినట్టు. పై ఆరంగుళాల మట్టి ఎకరానికి సుమారు 900 టన్నులు తూగుతుంది. అంటే కిలో మట్టికి 0.05 మిల్లీగ్రాముల పైచిలుకు పెరుగుతుంది. ఒక్కసారికి ఇది చిన్నదే. ఏటా పోస్తుంటే మాత్రం కూడుతూ పోతుంది, తగ్గేది దాదాపు ఉండదు.

ఇప్పటికే పోసేసినవాళ్లు ముందు మట్టి పరీక్ష చేయించాలి. సాయిల్ హెల్త్ కార్డు చూసి "అంతా బాగుంది సారూ" అంటారు. ఆ కార్డులో ఉండే పన్నెండు అంశాల్లో సీసం, కాడ్మియం లేవు. భార లోహాల పరీక్ష కావాలని విడిగా అడగాలి. నల్గొండ జిల్లాలోని కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగితే ఎక్కడ చేస్తారో దారి చూపిస్తారు.

నమూనా తీయడంలోనే సగం రిపోర్టులు పాడవుతాయి. ఎకరంలో ఎనిమిది, పది చోట్ల ఆరంగుళాల లోతు వరకు వి ఆకారంలో తవ్వి, గోడ వెంట మట్టి గీకండి. పెంటకుప్ప పోసిన చోటు, గెట్టు, చెట్టు నీడ వదిలేయండి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుంటూ అర కిలోకి తేవాలి. జీఐ బకెట్ వాడొద్దు, దాని పూతలోని జింక్ మట్టికి అంటుతుంది. ప్లాస్టిక్ తొట్టి, కట్టె ముక్క చాలు. ల్యాబ్‌కు డీఏపీ సంచిలో మట్టి తెచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. భాస్వరం ఎరువులోనూ కొంత కాడ్మియం ఉంటుంది మరి.

రిపోర్టులో ముందు పీహెచ్ చూడండి, మట్టి పులుపును చెప్పే అంకె అది, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. 6.5 కంటే తగ్గేకొద్దీ కాడ్మియం కరిగి వేరుకు అందుతుంది. మన ఎర్ర చెల్కల్లో బంక తక్కువ, సేంద్రియం తక్కువ, లోహాన్ని గట్టిగా పట్టుకోలేవు. సున్నం ఉన్న నల్ల రేగడి పట్టుకుంటుంది. చెల్కలో పీహెచ్ తక్కువ ఉంటే ల్యాబ్ చెప్పిన మోతాదులో సున్నం వేయండి. జిప్సం, సున్నం ఒకటే అనుకుంటారు చాలామంది. జిప్సంతో పీహెచ్ పెరగదు. రేగడికి ఇంకా సున్నం పోయడం దండగ. జింక్ 0.6 పీపీఎం (కిలో మట్టికి 0.6 మిల్లీగ్రాములు) కన్నా తక్కువ ఉంటే జింక్ సల్ఫేట్ వేయాలి, జింక్ కొరత ఉన్న చోట మొక్క కాడ్మియాన్ని ఎక్కువగా లాగుతుంది.

ఇక పంట సంగతి. పాలకూర, తోటకూర, చుక్కకూర, కొత్తిమీర ఆ చేనులో వేయొద్దు. లోహం ఎక్కువగా చేరేది ఆకులోకే. ముల్లంగి, క్యారెట్ కూడా వద్దు. బీర, సొర, టమాట కాయలోకి, మక్కజొన్న గింజలోకి చాలా తక్కువ వెళ్తుంది. పత్తి, బంతి, చామంతి అయితే తిండి భయమే లేదు. వరిలో నీళ్లు నిలిచి ఉన్నంతకాలం కాడ్మియం మట్టిలోనే గట్టిపడి ఉంటుంది, పొట్ట దశ తర్వాత మడి తొందరగా ఆరబెడితే మళ్లీ విడుదలవుతుంది. అలాగని ఎప్పుడూ నీళ్లు నిలిపితే మట్టిలో ఉండే ఆర్సెనిక్ అనే ఇంకో విషం కరిగి వేరుకు అందుతుంది. అందుకే ఆ మట్టిలో ఆర్సెనిక్ అంకె కూడా చూసే నిర్ణయించాలి.

పచ్చగడ్డి సంగతి చాలామంది మరిచిపోతారు. ఆ గడ్డి ఏళ్ల తరబడి మేసిన పశువు కార్జం, మూత్రపిండాల్లో కాడ్మియం పేరుకుంటుంది. గొర్రెలను, మేకలను కూడా అటు తోలొద్దు.

బాగా కడిగితే పోదా అని ఆడవాళ్లు అడుగుతారు. సీసం ఎక్కువగా ఆకుమీది మట్టిలో ఉంటుంది కాబట్టి కడిగితే చాలావరకు పోతుంది. ఆకు లోపలికి చేరిన కాడ్మియం ఎన్ని నీళ్లు పోసినా పోదు. పొద్దుతిరుగుడు వేస్తే మట్టి శుభ్రమవుతుందని కూడా అంటుంటారు. నిజమే, కానీ ఏళ్లకేళ్లు పడుతుంది, ప్రతి పంటకూ కట్టెతో సహా చేను బయట పడేయాలి. మన కమతాలకు అది కుదిరే పని కాదు.

ఏ మడిలో ఎప్పుడు ఎన్ని ట్రిప్పులు పోశారో పాస్‌బుక్‌తోపాటు ఒక కాగితం మీద రాసి పెట్టండి. కౌలుకిచ్చేటప్పుడు ఆ కాగితం చూపించండి. కొన్నేళ్ల తర్వాత మళ్లీ పరీక్ష చేయించినప్పుడు అవే చోట్ల, అదే లోతులో, అదే కాలంలో మట్టి తీయాలి. లేకుంటే రెండు రిపోర్టులనూ పోల్చలేం.