అరెస్టయిన కార్యకర్త ఇంటికి అండగా నిలబడాలంటే

అరెస్టు వార్త తెలియగానే చాలామంది ముందు ఖండన ప్రకటన రాయడానికి కూర్చుంటారు. అది సాయంత్రం రాసినా నష్టం లేదు. ముందు ఒక నోటుబుక్కు తీసుకుని ఆ ఇంటికి వెళ్లండి. ఎన్ని గంటలకు తీసుకెళ్లారు, వచ్చినవాళ్లు యూనిఫాంలో ఉన్నారా మఫ్టీలోనా, బండి నంబరెంత, ఎవరెవరు చూశారు, అన్నీ అడిగి అప్పటికప్పుడే రాయండి. మా సంఘంలో ఇలాంటి కుటుంబాల బాధ్యత నేను చూస్తాను. రెండో రోజుకే టైములు కలగాపులగమైపోతాయి. తల్లి తెల్లవారుజామున అంటుంది, పక్కింటాయన పొద్దున ఏడు దాటిందంటాడు.

ఆ టైముకి అంత విలువ ఎందుకంటే, రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం ప్రయాణానికి పట్టిన సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. కాగితాల మీద చూపించిన అరెస్టు టైము తప్పని చెప్పాలంటే మన దగ్గర రాతలో ఆధారం ఉండాలి. మనిషి ఎక్కడున్నాడో చెప్పకపోతే జిల్లా ఎస్పీకో, కమిషనర్‌కో, మానవ హక్కుల కమిషన్‌కో వెంటనే ఈమెయిల్ కొట్టండి. నాలుగు వాక్యాలు చాలు. రేపు హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ (పట్టుకెళ్లిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగేది) వేయాల్సి వస్తే, ఆ మెయిల్ మీద పడిన తేదీ, టైమే మీకు దన్ను.

ఇంట్లోవాళ్లని అరెస్టు మెమో మీద సాక్షి సంతకం అడుగుతారు. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నియమం అది, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 36వ సెక్షన్‌లో ఉంది. చదవకుండా పెట్టొద్దు. టైము తప్పుగా ఉంటే సంతకం పక్కనే అసలు టైము రాయండి. ఖాళీ కాగితం మీద ఎవరు ఎంత మంచిగా అడిగినా పెట్టొద్దు. అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వకపోతే ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసులో కూడా ఆ అరెస్టు చెల్లదని 2024 మేలో ప్రబీర్ పుర్కాయస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ చట్టం కింద అరెస్టు చేసినా అంతేనని, మనిషికి అర్థమయ్యే భాషలోనే ఇవ్వాలని 2025 నవంబరులో ఇంకో తీర్పు వచ్చింది. కాబట్టి వకీలు రిమాండు దగ్గర వేయాల్సిన మొదటి ప్రశ్న ఇదే: కారణాల కాగితం ఏది?

ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు తీసుకెళ్తుంటే పంచనామాలో (సాక్షుల ముందు రాసే స్వాధీన పత్రంలో) ప్రతి వస్తువు మోడలు, సీరియల్ నంబరు రాయించండి. హ్యాష్ వాల్యూ కూడా అడగండి. అది ఆ క్షణంలో అందులో ఉన్న సమాచారానికి వేలిముద్ర లాంటిది. తర్వాత ఒక్క ఫైలు చేరినా ఆ సంఖ్య మారిపోతుంది. హక్కుల కార్యకర్తలు పలువురిని ఉపా కింద అరెస్టు చేసిన భీమా కోరేగావ్ కేసులో, నిందితుల్లో ఒకరైన రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌లోకి బయటినుంచి ఫైళ్లు చొప్పించారని ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే అమెరికా సంస్థ 2021లో నివేదిక ఇచ్చింది. అందుకే దీన్ని చిన్న విషయంగా వదిలేయొద్దు. రాయనంటే, అడిగినా రాయలేదని వకీలు చేత మేజిస్ట్రేటు ముందు మెమో వేయించండి.

వకీలు దొరకలేదని రిమాండుని వదిలేయకండి. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. 15100కి ఫోన్ చేయండి. ఉపా కేసులు తెలిసిన వకీలు తర్వాత వకాలత్ (కేసు వాదించే అధికారం ఇచ్చే సంతకపు కాగితం) వేసుకోవచ్చు. జైల్లో సంతకానికి పంపే వకాలత్నామా మీద సూపరింటెండెంట్ ధ్రువీకరణ కావాలి, దానికి రోజులు పడుతుంది. అందుకని రిమాండు దగ్గరే రెండు మూడు కాపీల మీద సంతకాలు తీసుకుని పెట్టుకోవడం మేలు.

తర్వాత క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. చార్జిషీటుకి కేసుని బట్టి 60 లేదా 90 రోజుల గడువు. ఉపాలో కోర్టు దాన్ని 180 రోజుల దాకా పొడిగించవచ్చు. గడువు దాటినా చార్జిషీటు రాకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. కానీ అడిగినవాళ్లకే వస్తుంది. మీరు పిటిషన్ వేసేలోగా చార్జిషీటు పడితే ఆ హక్కు పోతుంది. కాబట్టి ముందు రోజే పిటిషన్ టైపు చేయించి ఉంచుకోండి.

ఇక చట్టం పుస్తకాల్లో దొరకని పని. అరెస్టయిన ఒక కార్యకర్త భార్య, మేం వదిన అని పిలుస్తాం, ఆమె ఇంటికి వెళ్తే ఆవిడ బెయిల్ గురించి ఏమీ అడగలేదు. గ్యాస్ బుక్ చేయడం ఎలాగని అడిగింది. గ్యాస్, బ్యాంకు, పిల్లాడి కాలేజీ ఫీజు, అన్నిటి ఓటీపీలూ సీజు చేసిన ఫోన్‌కే వెళ్తాయి. సిమ్ భర్త పేరు మీద ఉంది, ఆయన జైల్లో. అందుకే మొదటి వారంలోనే ఏయే ఖాతాలకు ఆ నంబరు కట్టి ఉందో జాబితా రాయండి. బ్యాంకు మేనేజరుని కలవడానికి ఆవిడతో పాటు మీరూ వెళ్లండి. జైల్లో ఉన్నవాళ్ల సంతకంతో అధికార పత్రం తెప్పించే సంగతి వకీలుకి అప్పుడే చెప్పండి. చందాలు వసూలు చేస్తే ప్రతి రూపాయికీ రసీదు ఉండాలి, లెక్క కుటుంబానికి కనపడాలి. ప్రెస్‌మీట్‌లో కూర్చోమని మాత్రం ఆవిడని బలవంతపెట్టకండి.

మందుల చీటీలన్నీ ఫొటో తీసి, వకీలు ద్వారా కోర్టుకిచ్చి, జైలుకి ఆదేశం తెచ్చుకోండి. పార్కిన్సన్స్‌తో చేతులు వణికే, భీమా కోరేగావ్ కేసులోనే అరెస్టయిన స్టాన్ స్వామి నీళ్లు తాగడానికి స్ట్రా, సిప్పర్ కోసం కోర్టుకెళ్లాల్సి వచ్చింది. 2021 జూలైలో ఆయన కస్టడీలో ఉండగానే ఆస్పత్రిలో చనిపోయారు. ఆరోగ్యం గురించి నోటిమాటగా అడిగిందేదీ రికార్డులో ఉండదు. ప్రతిసారీ అర్జీ రాసి, అందినట్టు ముద్ర వేయించుకుని, కాపీ దాచండి.

ములాఖత్‌కి (జైల్లో మనిషిని కలవడానికి) ఎవరు ఏ వారం వెళ్తారో వంతులు వేసుకోండి. మొదటి నెల జనం ఉంటారు, ఆరో నెలకి ఉండరు. చక్రాల కుర్చీలో ఉన్న ఢిల్లీ ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా 2014లో ఉపా కేసులో అరెస్టయ్యారు. మధ్యలో కొన్నాళ్లు బెయిల్ మీద ఉన్నా, హైకోర్టు నిర్దోషిగా తేల్చాక చివరికి బయటికొచ్చింది 2024 మార్చిలో. అంత కాలమూ ఉండగలిగేలా పని పంచుకోవాలి. వెళ్లేవాళ్ల పేరు, ఆధార్ రిజిస్టరులో ఎక్కుతాయి. భయపడి రానన్నవాళ్లని తప్పుపట్టకండి, వాళ్లకి ఉత్తరాలు రాసే పని ఇవ్వండి. ఉత్తరంలో కేసు ఊసు వద్దు. పిల్లల మార్కులు, చదివిన పుస్తకం, ఊళ్లో వానలు, ఇవి రాయండి.

జామీనుదార్లని బెయిల్ వచ్చాక వెతకొద్దు. ఇంటిపన్ను రసీదు, ఆధార్‌తో ఇద్దరు ముగ్గురు ముందే సిద్ధంగా ఉండాలి. విడుదల రోజు గేటు దగ్గర వకీలు తప్పకుండా ఉండాలి. వేరే జిల్లా కేసులో పీటీ వారెంటు (జైల్లో ఉన్న మనిషిని ఇంకో కోర్టు ముందుకు తెమ్మనే ఉత్తర్వు) పట్టుకుని ఇంకో పోలీసు బృందం అక్కడే కాచుకుని ఉండటం మన దగ్గర మామూలే. అలా జరిగితే మళ్లీ నోటుబుక్కు తీసి టైము రాయండి, ఏ కోర్టుకి తీసుకెళ్తున్నారో అడిగి, ఆ ఊళ్లో ఉన్న వకీలుకి అక్కడినుంచే ఫోన్ చేయండి.