మడత పడని చాకు కొనేటప్పుడు ఉక్కు రకాన్ని గుర్తించడం ఎలా?

చాకు చేతికి తీసుకోగానే బ్లేడు మీద ఉక్కు రకం పేరు ఉందో లేదో చూడాలి. ‘స్టెయిన్‌లెస్’ అనో ‘సర్జికల్ స్టీల్’ అనో మాత్రమే రాసి ఉంటే, తయారీదారు అసలు విషయం చెప్పనట్టే లెక్క. ఉత్త ‘440’ అన్న ముద్ర కూడా చాలదు. 440ఏ రకంలో ఉక్కును గట్టిపరచే కార్బన్ 0.60 నుంచి 0.75 శాతం ఉంటే, 440సి రకంలో 0.95 నుంచి 1.20 శాతం దాకా ఉంటుంది కాబట్టి, చివరి అక్షరం లేనప్పుడు అది తక్కువ రకమేనని భావించడం క్షేమం.

అయస్కాంతం పెట్టి చూస్తే స్టెయిన్‌లెస్ అవునో కాదో తెలిసిపోతుందనే నమ్మకానికి ఇక్కడ విలువ లేదు. చాకులకు వాడే స్టెయిన్‌లెస్ ఉక్కు గట్టిపరచడానికి వీలైన రకం. అదీ అయస్కాంతానికి అతుక్కుంటుంది.

కార్బన్ ఉక్కుల్లో తరచుగా కనిపించే 1095లో కార్బన్ సుమారు 0.95 శాతం ఉంటుంది, తుప్పును అడ్డుకునే క్రోమియం దాదాపుగా ఉండదు. సానరాయి మీద సులువుగా పదునెక్కుతుంది కానీ, తడిగా ఒరలో పెడితే తుప్పు పట్టక మానదు. 5160లో కార్బన్ 0.6 శాతమే, వాహనాల స్ప్రింగులకు వాడే ఈ ఉక్కు దెబ్బలకు ఓర్చుకుంటుంది కనుక, కొమ్మలు నరికే పెద్ద చాకుకు ఇదే తగినది.

కొనేవారు ఎక్కువగా పొరబడేది డి2 అనే ఉక్కు దగ్గర. క్రోమియం 12 శాతం ఉందని విని దాన్ని స్టెయిన్‌లెస్ అనుకుంటారు; అయితే 1.5 శాతం కార్బన్‌తో కలిసి ఆ క్రోమియంలో చాలా భాగం కార్బైడ్లు అనే గట్టి రేణువులుగా మారిపోవడం వల్ల, తుప్పును అడ్డుకోవడానికి మిగిలేది తక్కువ. ఆ కార్బైడ్ల వల్లనే పదును చాలాకాలం నిలుస్తుంది, మళ్లీ పదును పెట్టడమూ కష్టమవుతుంది. నీటి దగ్గర పనికి మాత్రం 14 శాతం క్రోమియంతో పాటు కొంత నైట్రోజన్ కూడా కలిసిన 14సి28ఎన్ అనే స్టెయిన్‌లెస్ ఉక్కు మేలు.

రకం తెలిశాక రాక్‌వెల్ కాఠిన్యం, అంటే ఉక్కు ఎంత గట్టిదో చెప్పే హెచ్‌ఆర్‌సి అంకె, అడగాలి. హీట్ ట్రీట్‌మెంట్, అంటే ఉక్కును వేడిచేసి చల్లార్చి గట్టిపరచే పని, సరిగా లేకపోతే మంచి ఉక్కు కూడా నాసిరకంగానే పనిచేస్తుంది. నరకడానికైతే 56–58, సన్నని కోతకైతే 58–61 సాధారణంగా సరిపోతాయి. అంతకన్నా పెద్ద అంకెను గొప్పగా చెప్పుకునే చాకు అంచు పెచ్చులూడే అవకాశం ఎక్కువ.

పేరు లేని చాకు ఇప్పటికే ఇంట్లో ఉంటే, పూత లేని చోట ఒక నిమ్మరసపు చుక్క వేసి కాసేపు ఉంచితే, కార్బన్ ఉక్కు అయితే అక్కడ బూడిద రంగు మచ్చ పడుతుంది.